పంటి కింద దారం

నిన్న మధ్యాహ్నం పంచలో కూర్చుని పేపరు చదువుతున్నాను. చదువుతున్నాను అనడం గొప్పలు చెప్పుకోవడమే. పెద్ద అక్షరాలు చూసి, చిన్న అక్షరాల్లో ఏముందో ఊహించుకునే వయసు నాది. పక్కనే మా అమ్మాయి సుగుణ పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి తన మనవరాలికి బొంత కుడుతోంది. పేపర్లో వార్త ఒకటి దానికి చెప్పబోయాను. అప్పుడే అది తల వంచి దారాన్ని పంటితో కొరికింది. టుక్ మని చిన్న చప్పుడు. నా నోరు దానంతటదే మూసుకుపోయింది. చెప్పబోయిన వార్త ఏమిటో కూడా మరిచిపోయాను. యాభై ఏళ్ళుగా నాకు ఇదే అలవాటు. ఎవరైనా పంటితో దారం కొరికితే చాలు, నేను మాట ఆపేసి, ఇంకెవరో ఏదో అంటారని ఎదురుచూస్తాను. ఈ అలవాటు నాకు అంటించింది ఉసేనమ్మవ్వ. ఆమె తెలిసి అంటించిందా, తెలియక అంటించిందా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఉసేనమ్మవ్వ మీకెవరికీ తెలియదు. ఆమెకు ఫోటో లేదు, సంతకం లేదు, గుర్తుపెట్టుకుని చెప్పేవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నేమో. కోసిగికి రెండు ఆమడల దూరంలో మేమున్న పల్లెలో ఆమెది దూదేకుల ఇల్లు. భర్త విల్లు పట్టుకుని దూది ఏకేవాడు. ఆయన ఏ ఇంట్లో పనిలో ఉన్నాడో ఆ వింటి నారి మోతే ఊరికి చెప్పేది. ఆమె ఇంటింటికీ వెళ్ళి పాత చీరలతో, పంచెలతో బొంతలు కుట్టేది. పొట్టి మనిషి. పైట చెంగుకు ఎప్పుడూ ఒక దబ్బనం గుచ్చి ఉండేది. బొంతలు కుట్టే ఆ పెద్ద సూదిని చూసి పిల్లలెవరూ భయపడేవాళ్ళు కాదు, నాకే భయం. ఆమె ముందు పళ్ళలో ఒకదానికి చిన్న గాడి ఉండేది. ఏళ్ళ తరబడి దారం కొరికి కొరికి పడిన గాడి అది. ఆమె నవ్వితే ముందు కనిపించేది ఆ గాడే.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను కర్నూలులో ట్రైనింగు అయ్యి, క్రైస్తవ మిషను బడిలో చిన్న తరగతికి పంతులమ్మగా ఆ ఊరు వచ్చాను. మా ఆయన ఉపదేశి. వారంలో నాలుగు రోజులు పల్లెల్లో ప్రార్థనలు చేయిస్తూ కాలినడకన తిరిగేవాడు. ట్రైనింగులో దొరసానమ్మ మాకు హార్మోనియం మీద పిల్లల పాటలు నేర్పింది. అన్నీ ఆవిడ దేశపు పాటలే, తెలుగు మాటలు తొడుక్కుని వచ్చినవి. వాటిలో ఒకటి పడవ పాట. ఊరికి వచ్చిన మొదటి వారంలోనే ముప్పై మంది పిల్లల్ని నిలబెట్టి, చేతులతో తెడ్డు వేసినట్టు చూపించి, ముందుకు వెనక్కు ఊగమన్నాను. వాళ్ళు ఊగలేదు. ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టారు. ఒకరి మీద ఒకరు పడి ఒకటే గోల. నాకు అర్థం కాక బెత్తం తీసుకున్నాను. తరవాత తెలిసింది, వాళ్ళకు తెలిసిన పడవ తుంగభద్ర మీద తోలు పుట్టి ఒకటే. అది గుండ్రంగా ఉంటుంది, నీళ్ళలో తిరుగుతూ పోతుంది. వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైనదే. నేను అంతవరకూ పడవనే చూడలేదు. అయినా బెత్తం నా చేతిలోనే ఉంది కాబట్టి తప్పు వాళ్ళదయింది.

అలాంటి నాకు దేవుడు సుగుణనిచ్చాడు. నాలుగో ఏడు నడుస్తున్నా ఒక్క మాట లేదు. చెప్పినవన్నీ అర్థమయ్యేవి. చెంబు తెమ్మంటే తెచ్చేది, తలుపు వెయ్యమంటే వేసేది, కావలసినదాన్ని వేలితో చూపించేది. నోరు మాత్రం విప్పేది కాదు. మా అత్త వస కొమ్ము అరగదీసి రోజూ నాలుక మీద రాసేది. మా ఆయన ఆదివారం గుడిలో అందరి చేతా ప్రార్థన చేయించేవాడు. నేను వెనక వరసలో తల దించుకుని కూర్చునేదాన్ని. ఊరి పిల్లలందరికీ మాటలు నేర్పే పంతులమ్మ కూతురికి మాట రాదు. ఎవరూ నా మొహం మీద అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది. "మూగదైతే కానీలే తల్లీ, మనమే సాక్కుంటాం, దాన్దేముండాది" అని అత్త ఒకరోజు నెమ్మదిగా అంది. ఆ మంచి మాటకే నేను ఆ పూట అన్నం తినలేదు. బిడ్డ జీవితమంతా వేలితో చూపించుకుంటూ బతకాలా అన్న భయం తప్ప ఆ రోజుల్లో నా మనసులో ఇంకేమీ లేదు.

ఆ ఏడు పంటలు ఇంటికి చేరాక ఉసేనమ్మవ్వ మా అరుగు మీద బొంత పరిచింది. పాత చీరలు మా అత్తవి, దూది నింపకుండా పొరలు పొరలుగా కుట్టే రకం. ఆమె కూర్చుందంటే చుట్టూ పిల్లలు చేరేవాళ్ళు. కుడుతూ పాట పాడేది. గొంతు అంత గొప్పదేమీ కాదు, చీరను చింపినట్టు ఉండేది. పాట ఇదీ:

గుట్టెక్కె మేక, గుట్టెక్కె మేక,
మేక మెళ్ళోన గణగణ గంట,
గంట ఇన్యాడు గడ్డాల తాత,
తాత బుజాన పెద్ద మూట,
మూటలో ఉండాది జొన్న రొట్టె.

కానీ ఆమె ఎప్పుడూ ఇలా పూర్తిగా పాడేది కాదు. దారం తెంచాల్సిన చోట వరస మధ్యలోనే ఆగేది. "మేక మెళ్ళోన గణగణ..." అని, తల వంచి, దారం పంటి కింద పెట్టేది. నోట్లో దారం ఉంటే మాట ఎలా వస్తుంది? పిల్లలు ఆగలేక "గంట" అని అరిచేవాళ్ళు. ఆమె టుక్ మని కొరికి, తల ఊపి, తరవాతి వరసకు పోయేది. నా తరగతిలో నోరు తెరవని పిల్లలు కూడా అక్కడ అరుస్తున్నారు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు వినే పిల్లలు, రెండూ కలిపేసి నా దగ్గర తిట్లు తినేవాళ్ళు, అక్కడ మాటకు మాట అందిస్తున్నారు. నాకు అసూయగా ఉండేది, నిజం చెప్పడానికేం. ఆమె పాటల్ని రాసుకుని బడిలో చెప్పాలని ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను.

అక్కడే నాకు మతి పోయింది. సోమవారం రాసుకున్న పాట బుధవారం వేరుగా ఉండేది. ఒకరోజు మేక మెడలో గంట, ఇంకోరోజు పూసలు. ఒకరోజు తాత, ఇంకోరోజు అదే వరసలో కోతి. కొట్టివేతలతో నోటుపుస్తకం నిండిపోయింది. చివరికి విసుగెత్తి అడిగాను.

"అవ్వా, మొన్న గంటన్నావు, ఇయ్యాల పూసలంటావు. అసలు పాట ఏది?"

ఆమె దబ్బనం ఆపి నా వంక చూసింది. నేనడిగింది ఆమెకు నిజంగానే అర్థం కాలేదనుకుంటాను.

"అసలు పాటంటే ఏంది పంతులమ్మా? తిమ్మక్క బిడ్డ పూసలనింది గదా. ఆ బిడ్డకు పూసలంటే శానా ఇష్టం."

"వాళ్ళనిందల్లా పెడితే పాట యాడ నిలుస్తుంది?"

"నిలిచి ఏం జేస్తాది?" అని మళ్ళీ కుట్టుకోసాగింది.

చదువుకోని మనిషి, ఇంతకంటే ఏం చెబుతుందిలే అనుకుని నేను గంట కింద గీత గీసి "సరియైనది" అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ఆ గీత చూసినప్పుడల్లా నామీద నాకే కోపం వస్తుంది.

ఆ తరవాత రెండు రోజులకో, వారానికో, సరిగ్గా గుర్తు లేదు, బొంత సగానికి వచ్చింది. బడి లేని రోజు. సుగుణ బొంత మీదే కూర్చుని ఉంది. మిగతా పిల్లలు ఎటో పోయారు. నేను గుమ్మంలో జొన్నలు చెరుగుతున్నాను. ఉసేనమ్మవ్వ ఎవరూ లేకపోయినా పాడుకుంటూనే ఉంది. "తాత బుజాన పెద్ద..." అని దారం పంటి కింద పెట్టింది. ఎదురుగా ఉన్న సుగుణ ఆమె నోటివంకే చూస్తోంది. అప్పుడు వినిపించింది.

"బొంత."

చిన్న గొంతు. కొత్త గొంతు. చేట నా చేతిలోంచి జారి జొన్నలన్నీ చెదిరాయి. నేను పరుగెత్తుకెళ్ళి బిడ్డను రెండు చేతులతో పట్టుకున్నాను. పట్టుకుని ముద్దు పెట్టుకున్నానా? లేదు. ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బొంత కాదమ్మా, మూట. మూట అను. పెద్ద మూట."

నాలుగేళ్ళు ఎదురుచూసిన మాటను నేను దిద్దాను. బొంతలో జొన్న రొట్టె ఎందుకుంటుంది, మూటలో కదా ఉంటుంది అని కూడా వివరించినట్టు గుర్తు. సుగుణ నా మొహం చూసింది, నోరు మూసుకుంది. ఉసేనమ్మవ్వ దారం కొరికి, తల దించుకుని పని చూసుకుంది. ఆ రోజు మళ్ళీ పాడలేదు. పాడకపోవడం నామీద కోపమో, గొంతు నొప్పో నాకు తెలియదు.

తరవాత పది రోజులు నేను చేసిన పని ఇంకా తెలివితక్కువది. మాట వచ్చిందన్న సంబరంలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి మూట చూపించి "ఇదేంది? చెప్పు, ఇదేంది?" అని అడిగేదాన్ని. బెల్లం ఆశ పెట్టాను. గుడ్లురిమాను. ఒకసారి చెంప మీద కొట్టాను కూడా. ఇదివరకు వేలితో చూపించే పిల్ల ఇప్పుడు వేలు కూడా ఎత్తడం మానేసింది. మూట కనిపిస్తే మా అత్త వెనక్కి పోయి దాక్కునేది. "నువ్వు యినింది నిజమేనా?" అని మా ఆయన అడిగాడు. నిజమే అన్నాను. రెండు రోజులు పోయాక నాకే అనుమానం వచ్చింది. ఆ గొంతు నేను వినాలనుకుని విన్నదేమో.

ఆ ఏడు వానలు సరిగ్గా లేక, ఇంటికి చేరిన పంట కొద్ది. ఊళ్ళో సగం మంది సుగ్గికి బయలుదేరారు. సుగ్గి అంటే మా వైపు, పైవూళ్ళ పంట కోతలకు కుటుంబం కుటుంబమంతా వలస పోవడం. ఉసేనమ్మవ్వ వాళ్ళు కూడా పోతున్నారని విన్నాను. పోతే ఎన్ని నెలలకు వస్తారో చెప్పలేం. బయలుదేరే రోజు పొద్దున్నే ఆమె మిగిలిన అంచు కుట్టడానికి వచ్చింది. నేను ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నాను.

"అవ్వా, పోవద్దు. నీ ముందరే నోరిప్పింది బిడ్డ. నువ్వు పోతే ఇంకెవరు మాట్లాడిస్తారు?"

"పోకుంటే ఏం తింటాం తల్లీ? బండి కడ్తాండారు ఆడ."

"ఒక్కసారి 'మూట' అనిపించి పో."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ముందు ఈ దారానికి పురి పెట్టనీ" అంది.

పురి పెట్టడమంటే రెండు పోగులు కలిపి మెలి వెయ్యడం. ఒక కొస ఎవరైనా పట్టుకోవాలి, లేదా దేనికైనా కట్టాలి. అరుగు మీద గుంజ ఉంది. ఆమె రోజూ ఆ గుంజకే కట్టేది. ఆ రోజు కట్టలేదు. కొస తెచ్చి నా నోటికి అందించింది.

"ఇది పంటితో గట్టిగా పట్టుకో పంతులమ్మా. నేను చెప్పిందాకా ఇడవాకు. ఇడిస్తే పురి మొత్తం పోతాది."

పట్టుకున్నాను. నూలు రుచి, కొంచెం గంజి వాసన. ఆమె నాలుగు మూరల దూరంలో కూర్చుని రెండు అరచేతుల మధ్య దారాన్ని తిప్పుతూ పాట ఎత్తుకుంది. సుగుణ గుమ్మం చాటున ఉంది. మేక అయింది, గంట అయింది, తాత వచ్చాడు. "తాత బుజాన పెద్ద..." అని ఆగింది. ఆమె నోట్లో ఆ రోజు దారం లేదు. దారం నా నోట్లో ఉంది. ఆమె ఊరికే ఆగింది. ఎంతసేపో తెలియదు. నా నాలుక మీద "మూట" తయారుగా ఉంది. పళ్ళు విప్పితే పురి పోతుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"బొంత" అంది సుగుణ.

ఉసేనమ్మవ్వ నా వైపు చూడలేదు, బిడ్డవైపూ చూడలేదు. దారం తిప్పుతూనే తరవాతి వరస అందుకుంది.

"బొంతలో దూరె మా ఇంటి..."

"మేక!"

"మేక మెళ్ళోన గణగణ..."

"గంట!"

పాట గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది. జొన్న రొట్టె ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు. నేను విననిది, నా పుస్తకంలో లేనిది, అప్పటికప్పుడు పుట్టిన పాట అది. సుగుణ గుమ్మం దాటి వచ్చి బొంత మీద కూర్చుంది. మూడుసార్లు తిరిగింది పాట. నేను దారం పట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి ఉసేనమ్మవ్వ వచ్చి నా నోట్లోంచి కొస తీసుకుంది. "శానా గట్టిగా పట్టుకున్యావే" అని నవ్వి, అంచు కుట్టేసి, బండి వెళ్ళిపోతుందని గబగబా వెళ్ళిపోయింది. పురి పెట్టిన ఆ దారంలో పావు వంతు కూడా ఆ అంచుకు పట్టలేదు. అంత దారం ఎందుకు పురి పెట్టిందని నేను తరవాత చాలా ఆలోచించాను.

ఆ వేసవి గడిచేసరికి సుగుణ మా అత్తను ఊపిరి తీసుకోనివ్వకుండా మాట్లాడేది. వస పని చేసిందని అత్త, ప్రార్థన ఫలించిందని ఆయన. ఇద్దరికీ అనుమానమే లేదు. నాకే అన్నీ అనుమానాలు. వస కావచ్చు, దేవుడి దయ కావచ్చు, వచ్చే వేళకు మాట అదే వచ్చి ఉండవచ్చు. పాటే మాట తెప్పించిందని ప్రమాణం చేసి చెప్పలేను. చెప్పగలిగింది ఒక్కటే, మాట వచ్చినప్పుడు నా నోరు ఖాళీగా లేదు.

సుగ్గి నుంచి ఉసేనమ్మవ్వ తిరిగి వచ్చాక ఒకరోజు తెగించి అడిగాను.

"అవ్వా, పాట నడిమధ్యలో ఆగుతావే, పిల్లలు అందుకోవాలనేనా?"

"దారం తెంచాల్నా వద్దా మరి?"

"మరి ఆ పొద్దు గుంజ ఉండగా దారం నా నోట్లో ఏమిటికి పెట్టినావు?"

ఆమె గాడి పన్ను కనిపించేలా నవ్వింది. "గుంజకు నీయంత పట్టు యాడిది పంతులమ్మా" అంది. అది జవాబా, ఎగతాళా? అప్పటి నుంచి ఎన్నిసార్లు నెమరు వేసుకున్నానో లెక్క లేదు. ఒక్కోరోజు ఆమె మహా తెలివైనదనిపిస్తుంది, ఒక్కోరోజు పని చేసుకునే మామూలు మనిషికి నేనే గురుపీఠం కట్టబెడుతున్నానేమో అనిపిస్తుంది.

తరగతిలో మాత్రం నేను మారాను. పాట మధ్యలో ఆగడం నేర్చుకున్నాను. ఆగడం వచ్చింది గానీ నోరు ఊరుకోవడం రాలేదు. అందుకని చేతిలో ఒక దారం ముక్క పెట్టుకుని, ఆగిన చోట పంటి కింద పెట్టుకునేదాన్ని. పిల్లలు నాకు దారం పంతులమ్మ అని పేరు పెట్టారు. మేక మెడలో ఉల్లిగడ్డ వేలాడింది, తాత భుజాన దున్నపోతు ఎక్కింది. అన్నీ పాటలో పెట్టాను. పడవ పాటలో పిల్లలతో పాటు నేనూ గిరగిరా తిరిగాను. తరవాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి గుడ్డకు కరువొచ్చింది. పాత చీరలు కూడా ఒంటి మీదకే చాలని రోజులవి, బొంతలెవరు కుట్టించుకుంటారు? ఒక ఏడు సుగ్గికి పోయిన ఉసేనమ్మవ్వ వాళ్ళు తిరిగి రాలేదు. ఒకరు ఆదోనిలో చూశామన్నారు, ఒకరు బళ్ళారి వైపన్నారు. నేను వెతకలేదు. వెతకాల్సింది.

మళ్ళీ నిన్నటి సంగతికి వస్తాను. సుగుణ దారం కొరికి, ఎదురుగా కూర్చున్న మనవరాలికి అదే పాట ఎత్తుకుంది. దానికి రెండేళ్ళు, మాటలు ఇప్పుడిప్పుడే. మా ఇంట్లో ఆ పాటలో తాత భుజాన ఉండేది బొంతే. ఈ యాభై ఏళ్ళలో ఇంకో మాట ఎవరమూ పాడలేదు. "తాత బుజాన పెద్ద..." అని సుగుణ ఆగింది. ఆ చిన్నది చుట్టూ చూసి, నోరంతా తెరిచి అంది.

"మూట!"

నేను పేపరు పక్కన పెట్టేశాను. పక్కనే పాత చీరల మూట ఉంది, దాన్ని చూసి అన్నదేమో. ఏమో, నాకు తెలియదు. తేరుకునేలోపే సుగుణ ముందుకు వంగి, దాని గడ్డం పట్టుకుని, అచ్చం నా గొంతుతో మొదలుపెట్టింది.

"మూట కాదమ్మా, బొం..."

నేను గబుక్కున దారపు ఉండలోంచి ఒక కొస లాగి సుగుణ నోటికి అందించాను.

"పురి పెట్టాలి, ఇది కాస్త పంటితో పట్టుకో."

సుగుణ ఏమీ తోచక పట్టుకుంది. ఎందుకని కళ్ళతోనే అడిగింది. నేను నాలుగు మూరల దూరం జరిగి, అరచేతుల మధ్య దారం తిప్పుతూ, ఉన్న గొంతుతో అందుకున్నాను.

"మూటలో ఉండాది జొన్న..."